మెట్లు లేని సముద్రం

నడక నేల మీద పుట్టలేదు, నీళ్లలోనే పుట్టింది. అమెరికా ఈశాన్య తీరంలో బతికే లిటిల్ స్కేట్ అనే చేపను చూసినవాళ్లు ఈ మాట ఒప్పుకోక తప్పదు. మూరెడు పొడవుండే బల్లపరుపు చేప అది. మన తీరంలో టేకు చేప అంటామే, దానికి చుట్టం. సొరలాగే దీని ఒంట్లోనూ ఎముక ఉండదు, అంతా మృదులాస్థి. ఈదేటప్పుడు రెండు పక్కలా పరుచుకున్న పెద్ద రెక్కలను ఆడిస్తుంది. సముద్రం అడుగున నెమ్మదిగా కదలాలనుకుంటే మాత్రం పొట్ట కింది చిన్న రెక్కలను ఒకదాని తర్వాత ఒకటి ఇసుకకు తన్ని పెట్టి, కుడి ఎడమ కుడి ఎడమగా నడుస్తుంది. ఆ కుడి ఎడమల వంతును నడిపించే వెన్నుపాములోని నాడీకణాలు, వాటిని మలిచే జన్యువులు ఎలుకలో ఉన్నవాటి కోవకే చెందుతాయని 2018లో న్యూయార్క్ యూనివర్సిటీకి చెందిన జెరెమీ డేసన్ బృందం ‘సెల్’ పత్రికలో చూపించింది. ఎలుకలో ఉన్నవంటే మనలోనూ ఉన్నవే. స్కేట్‌కూ మనకూ ఉమ్మడిగా ఉన్న పూర్వజీవి 40 కోట్ల ఏళ్లకు పైగా వెనక, కాలూ లేక నేలా తెలియక బతికింది. నడక ఏర్పాటు మాత్రం అప్పటికే దాని వెన్నులో ఉంది.

బడి పుస్తకాల్లో మనందరం చూసిన బొమ్మలో చేప ఒడ్డుకు పాకుతుంది, కప్ప అవుతుంది, బల్లి అవుతుంది, కోతి అవుతుంది, చివర నిటారుగా మనిషి నిలబడతాడు. ఒక్కో జీవి ఒక్కో మెట్టు ఎక్కినట్టు, ఎక్కలేనివి కిందే ఉండిపోయినట్టు ఆ బొమ్మ చెబుతుంది. స్కేట్ ఏ మెట్టు మీద ఉంది? మనం పైమెట్టు గుర్తుగా చెప్పుకునే నడక దాని దగ్గర ముందే ఉంటే, ఆ మెట్లు ప్రకృతిలో ఉన్నాయా, మన చూపులో ఉన్నాయా?

2023లో ఇదే చేప జీనోమ్, అంటే దాని డీఎన్ఏ మొత్తం, ‘నేచర్’ పత్రికలో వచ్చింది. రట్గర్స్ యూనివర్సిటీకి చెందిన తెత్సుయా నకమూరాతో పాటు యూరప్ శాస్త్రవేత్తలూ కలిసి చేసిన పని అది. స్కేట్‌కు అంత పెద్ద రెక్కలు ఎలా వచ్చాయన్నది వాళ్ల ప్రశ్న. కణంలో డీఎన్ఏ చాపి ఉండదు, మడతలు పడి ఉంటుంది. ఒకే మడతలో ఉన్న జన్యువులను ఒకే మీట కదిలించే వీలుంటుంది. స్కేట్ వంశంలో ఎప్పుడో క్రోమోజోముల ముక్కలు చోటు మారి, కొన్ని మడతల హద్దులు మారాయి. పాత జన్యువులకు కొత్త పొరుగు దొరికింది. రెక్క విశాలం కావడానికి పనికొచ్చిన మార్పుల్లో ఇదొకటని వాళ్లు తేల్చారు. జన్యువులు అవే ఉన్నా వాటి ఇరుగుపొరుగు మారితే ఒళ్లే మారిపోగలదు. ఉన్నవాటి మధ్య సంబంధం మారడమే కొత్తదనమైన ఈ కథలో ఎవరు ఎవరికంటే ఎదిగారన్న ప్రశ్నకు నాకు చోటు కనిపించదు.

లిటిల్ స్కేట్‌ను పరిశోధకుల కోసం తొట్లలో పెంచే చోట్లలో ముఖ్యమైనది మసాచుసెట్స్ రాష్ట్రంలోని వుడ్స్ హోల్. కేప్ కాడ్ ద్వీపకల్పం నైరుతి మూలనున్న చిన్న ఊరు. మెరైన్ బయలాజికల్ లేబొరేటరీ 1888 నుంచి అక్కడే ఉంది. దానికి పదిహేనేళ్ల ముందు, 1873 వేసవిలో, దగ్గరలోని పెనికీస్ దీవిలో హార్వర్డ్ ఆచార్యుడు లూయీ అగస్సీ ఒక వేసవి బడి పెట్టాడు. పుస్తకాలు కాదు, ప్రకృతిని చదవండి అని నేర్పిన గురువు. శిలాజ చేపల అధ్యయనంలో ఆయనది పెద్ద చేయి. సొర చర్మం మీది పొలుసులకు ఆయన పెట్టిన ప్లకాయిడ్ అన్న పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. అంతరించిపోయిన మహా సొరకు మెగలొడాన్ అని పేరు పెట్టిందీ ఆయనే. సృష్టి అంతా ఒక పథకమనీ, మనిషి దాని శిఖరమనీ ఆయన నమ్మకం. డార్విన్‌ను చివరిదాకా ఒప్పుకోలేదు.

అదే అగస్సీ 1850లో దక్షిణ కరోలినాలో ఏడుగురు బానిసలకు బట్టలు విప్పించి ఫొటోలు తీయించాడు. నల్లవారు, తెల్లవారు వేర్వేరుగా సృష్టి అయ్యారన్న తన వాదానికి రుజువుగా వాటిని వాడాలనుకున్నాడు. వారిలో రెంటీ అనే పెద్దాయన, ఆయన కూతురు డెలియా ఉన్నారు. ఆ ఫొటోలు హార్వర్డ్ చేతిలో తరాల పాటు ఉండిపోయాయి. తాను రెంటీ వంశంలోని మనిషినని చెప్పిన ఒక మహిళ వేసిన దావా చివరికి 2025లో రాజీకి వచ్చింది, ఫొటోలను హార్వర్డ్ వదులుకోవడానికి ఒప్పుకుంది.

చేపలను వరసలో పేర్చిన చేయి, మనుషులనూ వరసలో పేర్చిన చేయి ఒకటే. ఇది నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. నిచ్చెనమెట్ల కులవ్యవస్థలో పుట్టిన మనకు ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. పుట్టుకతో ఎక్కువ తక్కువలు ఉంటాయన్న ఆలోచన ఒకసారి మనసులో కూర్చున్నాక అది ఒక్క చోట ఆగదు. పశువుకు, చేపకు, పక్క వీధి మనిషికి అదే కొలబద్ద తీస్తుంది. సముద్రాన్ని అందరికంటే దగ్గరగా ఎరిగిన జాలరిని మన ఊళ్లు ఎక్కడ కూర్చోబెట్టాయో గుర్తు చేసుకుంటే చాలు.

సొరల జీనోమ్‌లు మెట్ల బొమ్మకు ఏం చేశాయో చూద్దాం. 2014 జనవరిలో ఎలిఫెంట్ షార్క్ జీనోమ్ ‘నేచర్’లో అచ్చయింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తీరాల్లో దొరికే చేప ఇది. పేరులో షార్క్ ఉన్నా నిజానికి సొరలకు దాయాది శాఖ. సింగపూర్‌లో పనిచేసే బైరప్ప వెంకటేశ్ నాయకత్వం వహించగా, అమెరికాలో సెయింట్ లూయీ నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి వెస్లీ వారెన్ బృందం అందులో పెద్ద పాలు పంచుకుంది. దాని జీనోమ్ సుమారు 100 కోట్ల డీఎన్ఏ అక్షరాలు, మన జీనోమ్‌లో మూడో వంతు. అప్పటివరకు చదివిన వెన్నెముక జీవులన్నింటిలోకీ నెమ్మదిగా మారుతూ వచ్చినది ఇదేనని తేలింది. ‘సజీవ శిలాజం’ అని పేరుపడ్డ సీలకాంత్ చేప కంటే కూడా నెమ్మది.

అంతకంటే ఆలోచనలో పడేసే విషయం ఒకటుంది. మన చెరువుల్లో పెరిగే శీలావతి ఎముకల చేప. వంశవృక్షంలో సొర కంటే అదే మనకు దగ్గరి బంధువు. అయితే శీలావతి, జీబ్రాఫిష్ లాంటి చేపల పూర్వీకుల్లో ఒక దశలో జీనోమ్ మొత్తం రెండింతలైంది. ఆ తర్వాత ఎన్నో జన్యువులు పోయాయి, ఎన్నో చెల్లాచెదురయ్యాయి. అందువల్ల జన్యువులను ఎప్పుడు ఎక్కడ నడపాలో చెప్పే డీఎన్ఏ భాగాలను వరసగా పెట్టి చూస్తే, మనకూ జీబ్రాఫిష్‌కూ కలిసేవాటి కంటే మనకూ ఎలిఫెంట్ షార్క్‌కూ కలిసేవి దాదాపు రెట్టింపు అని వెంకటేశ్ బృందమే 2006లో ‘సైన్స్’ పత్రికలో చూపింది. అంటే దగ్గరి చుట్టంతో పోలిక తక్కువ, దూరపు చుట్టంతో పోలిక ఎక్కువ. చుట్టరికం వేరు, పోలిక వేరు అన్నమాట. వీటిలో దేన్ని పట్టుకుని దగ్గర అనాలి?

ఎముక సంగతీ ఇలాంటిదే. ఎలిఫెంట్ షార్క్‌లో ఎముక గట్టిపడటానికి అవసరమైన ఒక జన్యు కుటుంబం కనిపించలేదు. మృదులాస్థి పాత పద్ధతి, ఎముక కొత్త ప్రగతి అని చాలాకాలం చెప్పుకున్నారు. కానీ మంగోలియాలో దొరికిన 41 కోట్ల ఏళ్ల నాటి ఒక కవచపు చేప శిలాజంలో లోపలి ఎముక ఆనవాళ్లు ఉన్నాయని 2020లో బయటపడింది. సొరల పూర్వీకులకు ఎముక ఉండేదనీ, సొరలు దాన్ని వదులుకున్నాయనీ అనుకోవడానికి ఇది బలమిచ్చింది. తేలికైన ఒళ్లు నీళ్లలో వాటికి కలిసొచ్చి ఉండవచ్చు. మనం ఎక్కామనుకున్న మెట్టును అవి ఎక్కి దిగిపోయాయని కూడా చెప్పవచ్చు. దిగడం అన్న మాట వాడగానే మళ్లీ మెట్ల లెక్కలోకే జారిపోతున్నాను. ఈ అలవాటు అంత లోతుగా పాతుకుంది.

నెమ్మదిగా మారడం అంటే ఏమిటి? 1992లో ఆండ్రూ మార్టిన్, గావిన్ నేలర్, స్టీఫెన్ పలుంబీ ‘నేచర్’లో ఒక వ్యాసం రాశారు. సొరల మైటోకాండ్రియా డీఎన్ఏ కోతుల వంటి పాలిచ్చే జంతువులతో పోలిస్తే ఏడెనిమిది రెట్లు నెమ్మదిగా మారుతోందని అందులో లెక్కగట్టారు. 2023లో ఎపలెట్ షార్క్ అనే చిన్న సొర తల్లిదండ్రుల, పిల్లల జీనోమ్‌లను పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు, తరానికి వెయ్యి కోట్ల అక్షరాలకు ఏడు మాత్రమే తప్పుగా నకలవుతున్నాయని కనుగొన్నారు. అదే లెక్కకు మనుషుల్లో 120 దాకా ఉంటాయి. ఈ నిక్కచ్చితనాన్ని చూసి సొర పరిపూర్ణత సాధించిందని, అందుకే మారడం మానేసిందని మురిసిపోయి రాసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోలేను. నకలు తప్పు పోకపోవడం గొప్పే, కానీ తప్పు లేకుంటే కొత్తది లేదు. మనం, శీలావతి, ఆ స్కేట్ విశాలమైన రెక్కలు, అన్నీ నకలు తప్పిన చోట్లే పుట్టాయి. తప్పులన్నిటినీ దిద్దేసే కణం పిల్లను కాపాడుతుంది. ఆ వంశానికి రేపు అవసరం కాగల మార్పును కూడా అదే తుడిచేస్తుంది. ఇందులో ఏది వివేకం, ఏది నష్టం అని ముందే చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు.

ఆ 1992లోనే అమెరికాలో మరో రాత అచ్చయింది. సొరచేపలకు క్యాన్సర్ రాదు అన్నదే విలియం లేన్ రాసిన ఆ పుస్తకం పేరు. దాని వెనక ఒక నిజమైన పరిశోధన ఉంది. సొర మృదులాస్థిలో, కణితికి రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునే పదార్థమేదో ఉందని 1983లో రాబర్ట్ లాంగర్, ఆన్ లీ ‘సైన్స్’లో రాశారు. అక్కడి నుంచి సొర మృదులాస్థి పొడి మింగితే క్యాన్సర్ తగ్గుతుందన్న మాట వరకు మధ్యలో ఏ ఆధారమూ లేదు. అయినా టీవీలో ప్రముఖ కార్యక్రమంలో వచ్చింది, సీసాలు అమ్ముడయ్యాయి, సొరలు చచ్చాయి. సొరలకూ, టేకులకూ క్యాన్సర్ వస్తుందని పదుల కొద్దీ నమోదైన కణితులను ఏరి 2004లో గ్యారీ ఆస్ట్రాండర్ బృందం చూపించింది. మృదులాస్థి నుంచి శుద్ధి చేసిన మందును హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ ఆసుపత్రి నాయకత్వంలో 379 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద నిక్కచ్చిగా పరీక్షించారు. మందు తీసుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతకలేదని 2010లో తేలింది.

ఆ సీసాలు కొన్నవాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. మన కోస్తాలో బాలింతకు పాలసొర వండి పెడతారు, పాలు పడతాయని. 1803లో లండన్‌లో అచ్చయిన ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపల పుస్తకంలోనే పాలసొర పేరు కనిపిస్తుంది, అంత పాత వాడుక అది. పురిటి మంచం దగ్గర కూర, కీమోథెరపీ గదిలో సీసా, రెండింటి వెనకా ఉన్నది తనవాళ్లు బతకాలన్న ఆరాటమే. పాలసొర కూర కనీసం ఒంటికి పట్టే తిండి. సీసా ఆ ఆరాటాన్ని సొమ్ము చేసుకుంది. నా కోపమంతా దాన్ని అమ్మినవాళ్ల మీదే. పరీక్షలో చేరిన ఆ 379 మంది ఏం చేశారో కూడా చెప్పుకోవాలి. తాము బతుకుతామో లేదో తెలియని రోజుల్లో, మందో ఉత్తుత్తి మందో ఏది తమ వంతుకు వస్తుందో తెలియకుండా సంతకాలు పెట్టారు. వాళ్ల వల్లే మనకు ఒక నిజం తెలిసింది.

2019లో ఫ్లోరిడాలోని నోవా సౌత్‌ఈస్టర్న్ యూనివర్సిటీ, కార్నెల్ యూనివర్సిటీ, మాంటెరే బే అక్వేరియం వాళ్లు కలిసి తెల్ల సొర జీనోమ్ చదివారు. 463 కోట్ల అక్షరాలు, మన దానికి ఒకటిన్నర రెట్లు. అందులో సగానికి పైగా పదేపదే వచ్చే వరసలు. తమను తాము నకలు చేసుకుని చోటు మారే రకాలు వాటిలో చాలా ఉన్నాయి. అలాంటివి జీనోమ్‌ను కుదుపుతూ ఉండాలి. ఆ కుదుపును తట్టుకోవడానికేనేమో, డీఎన్ఏను మరమ్మతు చేసే, జీనోమ్‌ను నిలకడగా ఉంచే జన్యువుల్లో ప్రకృతి వరణం జాడలు కనిపించాయి. వార్త వచ్చిందో లేదో, క్యాన్సర్‌కు మందు దొరికినట్టే శీర్షికలు పెట్టారు. సొర కథ చదివినా మన రోగమే గుర్తొస్తుంది మనకు. అది నేరం కాదు. మన పిల్లల ప్రాణాల కోసం మరో జీవి మరమ్మతు పద్ధతి నేర్చుకుంటే అందులో తప్పేముంది? కానీ అది మనకు పనికిరాదని తేలిన రోజు ఆ జీవికి మన దగ్గర ఇంకేమైనా విలువ మిగులుతుందా?

చాలామంది దీనికి బంధుత్వాన్ని జవాబుగా చెబుతారు. సొర మన చుట్టం, మన డీఎన్ఏలోనే దాని గుర్తులున్నాయి, అందుకే కాపాడుకోవాలి అంటారు. ఒకప్పుడు నేనూ ఇష్టంగా వాడిన వాదమే. రెంటీని తలచుకున్నాక అది చాలదనిపించింది. రెంటీ వేరే సృష్టి అని అగస్సీ ఒకవేళ నిజంగా రుజువు చేసి ఉంటే, బానిసత్వం న్యాయమయ్యేదా? ఎన్నటికీ కాదు. ఆయన్ను కట్టేసి పని చేయించకూడదన్నది ఆయన పూర్వీకులెవరో తేలాక వచ్చే తీర్పు కాదు. బంధుత్వం రుజువైతేనే దయ అంటే, రుజువు కాని రోజున క్రూరత్వానికి అనుమతి ఇచ్చినట్టే. సొరతో మనిషిని సమానం చేయడం లేదు. మనిషి పట్ల బాధ్యత వేరు, దాని బరువు వేరు. అయినా సొరకు తనదంటూ ఒక బతుకు ఉంది. ఆ బతుకు మన వంశవృక్షంలో ఎంత దూరాన ఉందో కొలిచాకే లెక్కలోకి రావాలన్న నియమం ఎక్కడిది?

ఈ ప్రశ్న కేప్ కాడ్‌లోనే చాలా కష్టమైన రూపంలో ఎదురవుతుంది. స్కేట్ గుడ్లను కంటికి రెప్పలా చూసుకునే వుడ్స్ హోల్ ఒక కొసన ఉంటే, అదే ద్వీపకల్పం రెండో వైపు వెల్‌ఫ్లీట్ ఊరి బీచ్ ఉంది. 2018 సెప్టెంబరులో అక్కడ అలల మీద ఆడుకుంటున్న 26 ఏళ్ల యువకుణ్ని తెల్ల సొర కరిచింది. అతను చనిపోయాడు. మసాచుసెట్స్‌లో 1936 తర్వాత సొర వల్ల పోయిన మొదటి ప్రాణం. ఆ తీరానికి తెల్ల సొరలు రావడానికి కారణం గ్రే సీల్ జంతువులు. చేపలు తినేస్తున్నాయని వాటి తలకు ఒకప్పుడు రాష్ట్రమే వెల కట్టి చంపించింది. 1972 చట్టం వాటిని కాపాడింది, అవి తిరిగొచ్చాయి, వాటి వెంట సొరలూ వచ్చాయి. ప్రకృతి కోలుకుంటోందని మనం సంతోషించే ఆ పనిలోనే ఒక తల్లికి కొడుకు పోయాడు. గణాంకాల్లో సొర కాటు ఎంత అరుదో ఆ తల్లికి చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ బీచ్ పక్కన ఇళ్లున్నవాళ్లు భయపడితే అది అజ్ఞానం కాదు. భయపడుతూనే, చంపేద్దాం అనకుండా, హెచ్చరిక జెండాలు, గాయాన్ని కట్టే సామాను బీచ్‌లో పెట్టుకుని, సొరలకు ట్యాగులు వేసి జాడ కనిపెడుతూ వాటి పక్కన బతకడం నేర్చుకుంటున్న ఆ ఊళ్లంటే నాకు గౌరవం.

రెండో వైపు లెక్క ఇలా ఉంది. 1970 నుంచి 2018 లోపు నడిసముద్రపు సొరలు, టేకులు 71 శాతం తగ్గిపోయాయని 2021లో ‘నేచర్’లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ముఖ్య కారణం చేపల వేట. అట్లాంటిక్ పడమటి వైపు బతికే ఆడ తెల్ల సొర ఈడుకు రావడానికి సుమారు 33 ఏళ్లు పడుతుంది. లేన్ పుస్తకం అచ్చయిన ఏడు పుట్టినది ఇప్పుడిప్పుడే తల్లి కావాలి. తరానికి అన్నేళ్లు, తప్పులు అంత తక్కువ. కోట్ల ఏళ్లు కాపాడిన ఆ నిదానమే ఈ యాభై ఏళ్ల వలల ముందు దానికి ఏ ఉపాయమూ అందించదు. అమెరికా 2022 చివర్లో సొర రెక్కల కొనుగోలు అమ్మకాలను, కొద్ది మినహాయింపులతో, దేశమంతటా నిషేధించింది. మంచి చట్టమే. అయితే లిటిల్ స్కేట్ ఆ తీరంలో ఎండ్రకాయకు చుట్టమైన లాబ్‌స్టర్‌ను పట్టే బోనుల్లో ఎరగా ఇప్పటికీ పోతోంది. ఆ బోనుల మీద బతికే కుటుంబాలున్నాయి. నడక పుట్టుకను చూపించిన జీవి, ఒక ఇంటి పొయ్యి వెలగడానికి ముక్కలవుతోంది. ఇక్కడ ఎవరిని తప్పుపట్టాలో నాకు తెలియడం లేదు.

1992 వ్యాసం రాసిన ముగ్గురిలో ఒకరైన గావిన్ నేలర్ ఇప్పుడు ఫ్లోరిడా యూనివర్సిటీలో ఉన్నారు. 2025లో ఆయన, సహచరులు తెల్ల సొరల మీద మరో వ్యాసం వెలువరించారు. పాత చిక్కు ఒకటుంది. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ చూస్తే వేర్వేరు సముద్రాల తెల్ల సొరలు బాగా వేరుపడి ఉన్నాయి. ఇద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్ఏలో అంత తేడా లేదు. మగవి లోకం తిరుగుతాయి, ఆడవి పుట్టిన చోటుకే వచ్చి పిల్లల్ని కంటాయి, అందుకే ఇలా అని 2001 నుంచి చెప్పుకుంటున్నారు. ఎంత చక్కగా కుదిరిన కథ! ఆడది ఇల్లు పట్టుకుని ఉంటుందన్న మాట మనకు ఎంత అలవాటో కూడా ఆలోచించాలి. ఒక ఆడ సొర దక్షిణాఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఈది, తొమ్మిది నెలల్లోపే తిరిగొచ్చిందని 2005లో తెలిసినా ఆ కథ కదల్లేదు. నేలర్ బృందం లోకమంతటి నుంచి సేకరించిన జీనోమ్‌లతో దాన్ని పరీక్షకు పెట్టింది. కంప్యూటర్లో తరాల తరబడి ఆ కథను నడిపించి చూస్తే, నిజంగా కనిపిస్తున్న తేడా అందులోంచి రాలేదు. మరే మామూలు కారణమూ సరిపోలేదు. ప్రకృతి వరణమే ఇలా విడదీసిందనుకుంటే అది నమ్మశక్యం కానంత కఠినంగా ఉండి ఉండాలి. తమ దగ్గర జవాబు లేదని వాళ్లు ఒప్పుకున్నారు. ప్రశ్న ప్రస్తుతం అక్కడే ఉంది.